అక్క నెత్తురు, తమ్ముడి నెత్తురు

కొండాపూర్,
10 జూన్ 2001

తమ్ముడు ఓదెలుకు,

అక్క మొగులమ్మ దీవెనలు. నేను బాగున్నాను. నీవు బాగుండాలని రోజూ పొద్దున దీపం ముందు అనుకుంటున్నాను.

నీ చిరునామా మన యాదన్న ఇచ్చాడు. మొదట ఇవ్వనన్నాడు. "వాడు నాతోని ఒట్టు పెట్టించుకున్నడు మొగులక్కా. బొంబాయి బస్సు నడిపేటోణ్ణి, నేను ఒట్టు తప్పితే తొవ్వల ఏమన్న అయితది" అన్నాడు. వాళ్ళ అరుగు మీద కూచున్నాను. వాళ్ళావిడ చాయ్ ఇచ్చింది. తాగడం అయ్యేసరికి అతనే సిగరెట్టు పెట్టె చింపి దాని మీద రాసి ఇచ్చాడు.

మొన్న మొదటి వాన పడింది. పత్తి గింజలు పెట్టడం మొదలుపెట్టారు. మా అంగన్‌వాడీలో పిల్లలు తక్కువగా వస్తున్నారు, తల్లులతో పాటు చేలకు పోతున్నారు.

జోగిపేట వాళ్ళు నీ పెళ్ళి నిశ్చయం నాడు మనం పెట్టిన చీర తిరిగి పంపారు. తీసుకున్నాను. పిల్ల మంచిది. వాళ్ళ భయం వాళ్ళది.

అసలు సంగతి. కంపెనీలో మీ అందరి రక్తం చూసినప్పుడు నీకు బి రకం కామెర్ల క్రిమి ఉందని తేలింది కదా. ఆ కాగితం హైదరాబాదులో పెద్ద ఆసుపత్రికి చేరింది. అక్కడి నుంచి నీ పేరు మీద కార్డు వచ్చింది. నీవు లేవు కనుక నేను వెళ్ళాను. డాక్టరు వెంకటేశ్వరరావుగారని, నెమ్మదైన మనిషి. ఈ క్రిమి ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళ రక్తంలో కాపలా కణాలు ఎలా ఉన్నాయో పరిశోధన చేస్తున్నారట. జబ్బు ఉన్నవాళ్ళవి, లేనివాళ్ళవి పక్కపక్కన పెట్టి చూస్తారు. అందులో చేరినవాళ్ళకు పరీక్షలు, మందు అన్నీ ఆసుపత్రే చూసుకుంటుంది. లేనివాళ్ళ వైపు తోడబుట్టినవాళ్ళు దొరికితే మరీ మంచిదట. నేను ఇస్తానన్నాను. అప్పుడే తీసుకున్నారు. సూది వేసిన పిల్ల, నర్సింహమ్మ అట పేరు, "బక్కగున్నవు, తింటలేవా అమ్మా?" అని అడిగింది. తింటున్నానని చెప్పాను.

ఇక నీ రక్తం కావాలి. నీకు మందు కావాలి. రా.

సంగారెడ్డికి పోయి ఫోన్ చేద్దామంటే బూత్‌లో అందరూ వింటారు. అందుకని ఉత్తరం.

నీ అక్క
మొగులమ్మ


భివండి,
24 జూన్ 2001

అక్కా, శనార్థులు.

ఉత్తరం అందింది. యాదన్న ఒట్టు ఒక చాయ్ కంటె ఎక్కువసేపు నిలవలేదన్నమాట. వాణ్ణి ఏమనను. నీ ఎదురుంగ ఎవడు నిలుస్తడు? నువ్వు తిట్టవు, అడగవు, ఊకె కూసుంటవు. గదే మనిషిని చంపుతది.

ఇక్కడ మగ్గాల చప్పుడుకు చెవులు పోయినయి. పక్కనున్నోడు అరిస్తెనే వినపడతది. మా ఒక్క గది ఖోలిల సగం మంది పగలు పండుకుంటరు, సగం మంది రాత్రి. ఒకడు లేస్తె ఆ పరుపు మీద ఇంకొకడు. అందరు మన దిక్కు మనుషులే, అయినా ఎవనికి ఏం చెప్పలే. నా గ్లాసు నేను వేరేగ పెట్టుకుంటున్న. "ఏందిరో, పెద్ద పూజారి తయారైండు" అని నవ్వుతున్నరు. నేను గూడ నవ్వుతున్న.

ఒక్కోసారి నిజంగనే నవ్వొస్తది. పాశమైలారంల ఆరేండ్లు మందుల కంపెనీల పనిచేసిన. లోకానికి గోలీలు చేసిచ్చేటోళ్ళు, రోగమొచ్చినోణ్ణి గేటు బయట నిలబెట్టిన్రు.

దవాఖానకు నేను రాను అక్కా. కోపం తెచ్చుకోకు, ఉన్నది చెప్త. కంపెనీ తీసేస్తె నాకు అంత బాధ కాలే. జోగిపేటోళ్ళు వద్దంటె గూడ కాలే. కని నువ్వు? కాగితం వచ్చిన తెల్లారి నుంచి నాతోని కూసొని తినుడు బంద్ చేసినవు. నాకు వడ్డించి, నువ్వు విస్తరాకు పట్టుకొని పెరట్లకు పోయినవు. తలుపు దగ్గరికేసుకున్నవు. అమ్మ పోయినప్పటి సంది నాకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి గది. "ఏందక్కా?" అంటె "నువ్వు తిను" అన్నవు. అంతకు మించి ఒక్క మాట లేదు. నేను ఇల్లు ఇడిసే దాంక రోజు గదే.

నిన్ను తప్పు పడత లేను. భయం ఎవ్వరికైనా ఉంటది. కని నేను నడిమింట్ల కూసొని తింటుంటె, ఇంటి పెద్దదానివి నువ్వు పెరట్ల బర్రె పక్కన కూసొని తినుడు నాకు మంచిగ అనిపియ్యలే. అందుకనే వచ్చేసిన. ఇప్పుడు నువ్వు నడిమింట్ల తినొచ్చు.

బర్రె ఈనిందా? దూడ పెయ్యనా, దున్ననా?

నీ తమ్ముడు
ఓదెలు


కొండాపూర్,
8 జూలై 2001

తమ్ముడు ఓదెలుకు,

దీవెనలు. బర్రె ఈనింది. పెయ్యదూడ. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది.

నీవు రాసింది చదివాను. అది భయం కాదు. కలిసి తింటే ఈ జబ్బు అంటుకోదని డాక్టరుగారు చెప్పక ముందు కూడా నాకు భయం లేదు. కారణం వేరు. అది చెప్పేది కాదు. నన్ను అడగవద్దు.

రక్తం సంగతి. ఆసుపత్రికి మళ్ళీ పిలిచారు. లేనివాళ్ళ వైపు నన్ను పెట్టడానికి వీలు లేదట. నాలో కూడా దాని జాడ ఉంది. డాక్టరుగారు చాలా సంతోషించారు. ఇప్పుడు నీవు రావడం ఇంకా అవసరమైంది. మన ఇద్దరి రక్తం ఒకే రోజు చూడాలట.

పటాన్‌చెరు దాటుతుంటే బస్సులో అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటున్నారు. వాగు నీళ్ళు ఈ ఏడు మరీ రంగు మారాయి. నీవు ఆరేళ్ళు ఆ గాలిలోనే తిరిగావు కదా అనుకున్నాను.

త్వరగా రా.

నీ మేలు కోరే అక్క
మొగులమ్మ


భివండి,
20 జూలై 2001

అక్కా,

నీ ఉత్తరం పట్టుకొని మిల్లు బయట మోరీ గోడ మీద కూసున్న. సేటు పిలిచినా లేవలే.

నీకు గూడ అంటించిన్నా? నేనే. ఇంకెవరు? అమ్మ పోయినంక మన ఇంట్ల ఉన్నది ఇద్దరమే. నా గడ్డం బ్లేడు కిటికీల పెట్టేటోణ్ణి, నువ్వు దాంతోనే గోర్లు తీసుకునేదానివి. ఎన్నిసార్లు చూసిన! కంపెనీల పోస్టర్ పెట్టిన్రు, బ్లేడు వేరే వాడాలె అని. చదివిన, మరిచిపోయిన. పెరట్ల తిన్నవని నీ మీద అలిగి వచ్చిన నేను. నువ్వు ముందే తినాల్సింది పెరట్ల. శాన ముందే.

డాక్టరు సంతోషపడ్డడా? వాని సంతోషం మన్నుగాను. ఇంట్ల ఇద్దరికి రోగముంటె వానికి పండుగనా? వానికి పుస్తకంల రాసుకునేటందుకు ఒకటికి రెండు దొరికినయి. నువ్వు మళ్ళ గా దవాఖాన మెట్లు ఎక్కకు.

లేదు, ఎక్కు. నీకు మందు ఇస్తరేమో అడుగు. నాకు ఏం తోస్త లేదు.

నేను మాత్రం గా ఇంటి గడప తొక్క. నీ ముంగట ఏ మొకం పెట్టుకొని నిలబడాలె? వాళ్ళకు కావల్సింది నా రక్తమే కదా, నేను కాదు కదా. రక్తం పంపిస్త. ఇక్కడ లాబొరేటరీల తెలిసిన పిలగాడు ఉన్నడు, సీసాల తీసిస్తనన్నడు. మంచుగడ్డలల్ల పెట్టి యాదన్న చేతికిస్త. పోతిరెడ్డిపల్లి చౌరస్తాల తీసుకో. చేపలు బొంబాయి నుంచి హైదరాబాదు దాంక మంచుల మంచిగనే వస్తయి. రక్తం రాదా?

నువ్వు పండ్లు తిను. బరువు ఎత్తకు.

ఓదెలు


కొండాపూర్,
5 ఆగస్టు 2001

తమ్ముడు ఓదెలుకు,

దీవెనలు. ఈ ఉత్తరం కొంచెం పెద్దది. ఓపికగా చదువు.

యాదన్న చౌరస్తాలో బస్సు ఆపి దిగాడు. చేతిలో ఐస్‌క్రీం డబ్బా. "ఇగో అక్కా, నీ తమ్ముడు వచ్చిండు, దింపుకో" అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడు. లోపలి నుంచి ఎవరో "ఏం డ్రైవర్ సాబ్, ముచ్చట్లు పెడుతున్నవ్, జల్దీ నడువు" అని అరిచారు. నేను డబ్బా తీసుకున్నాను. మంచు సగం నీళ్ళయింది.

యాదన్న బస్సు సంగారెడ్డి దాకానే కనుక అక్కడి నుంచే హైదరాబాదు బస్సెక్కాను. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూచున్నామె "పాలా, పెరుగా?" అని అడిగింది. "మా తమ్మునిది" అన్నాను. పటాన్‌చెరులో బస్సు చాలాసేపు ఆగింది. చల్లదనం చీరలోంచి కాళ్ళకు దిగింది. చిన్నప్పుడు జ్వరంలో నీవు ఒళ్ళో పడుకుంటే ఇంతకింత వేడిగా ఉండేవాడివి.

నర్సింహమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది. "మంచుల పెట్టిన్రా అమ్మా? అయ్యో. కణాలు మొత్తం పగిలిపోయినయి. గిప్పుడు గిది ఎర్ర నీళ్ళే" అన్నది. చెడిపోకుండా మీరు మంచులో పెట్టారు. మంచే చంపింది.

డాక్టరుగారు కోప్పడలేదు. నన్ను కూచోబెట్టి చెప్పారు. వాళ్ళ యంత్రం ప్రాణమున్న కణాలనే లెక్కపెడుతుందట. కాపలా కణాలు చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కాని ఒక్కో రకానికి పైన ఒక్కో గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టుకునే రంగు మందు కలిపి, సన్నటి దారిలో వరుసగా నడిపించి, వెలుతురు వేసి చూస్తారు. జాతరలో దర్శనం వరుసలాగ అనుకున్నాను. ఒక రకం కబురు చెప్పేవి. వాటిని సీడీ నాలుగు అంటారు. ఇంకో రకం వెళ్ళి కొట్టేవి, సీడీ ఎనిమిది. జబ్బు నిలిచిపోయినవాళ్ళలో చెప్పేవి తగ్గుతాయట. నా రక్తంలో బాగానే ఉన్నాయట. తిరుగుదారిలో యాదన్నకు చెబితే "నీ నెత్తుర్ల చెప్పేటోళ్ళు ఎక్కువనా? మరి నోట్లెకు ఒక్కడు రాడేంది?" అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. నీవల్ల నాకేమీ రాలేదు. నాకు జబ్బు లేదు. వచ్చి, పోయింది. పోయినా దాని గుర్తు రక్తంలో ఉంటుంది. జాడ ఉందని నేను రాసింది దాని గురించి. లేనివాళ్ళు, ఉన్నవాళ్ళు కాక, వచ్చి పోయినవాళ్ళని మూడో వరుస ఉంది. నేను అందులో. ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి పోయి ఒకరికి నిలిచింది కనుక, ఎందుకలా జరిగిందో మన ఇద్దరినీ పక్కపక్కన చూస్తే తెలియవచ్చని డాక్టరుగారి సంతోషం. ఇది ముందే రాయవలసింది. నాలుగు మాటలు చాలనుకున్నాను.

అమ్మ సంగతి అడిగారు. చెప్పాను. పొట్ట ఉబ్బి, కండ్లు పచ్చబడి పోయింది. ఊరంతా బాణామతి అన్నది. నీవు చిన్నపిల్లవాడివి, నీకు గుర్తుండదు. ఆమెకు సేవ చేసిన ఎండాకాలమే నాకూ కండ్లు పచ్చబడ్డాయి. తగ్గాయి. అమ్మ నుంచే ఇద్దరికీ వచ్చి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. పెద్దయ్యాక వస్తే చాలామందికి దానంతటదే పోతుంది. పుట్టుకతో వస్తే నిలిచిపోతుంది. ఇందులో నీ తప్పు లేదు. అమ్మ తప్పు కూడా లేదు.

దసరా దాకా మాత్రమే కొత్తవాళ్ళను చేర్చుకుంటారు. ఆ తర్వాత మందు మనం కొనగలిగేది కాదు. రక్తం పంపితే కాదు, నీవు రావాలి.

అక్క
మొగులమ్మ


భివండి,
26 ఆగస్టు 2001

అక్కా, శనార్థులు.

ఉత్తరం మూడుసార్లు చదివిన. మంచిగ కట్టినవు కథ. నాకు తెలువదా నీ సంగతి? నా చిన్నప్పుడు మేకపిల్ల చస్తె, "అది వాళ్ళమ్మ దగ్గరికి పోయింది" అని చెప్పినదానివి నువ్వు. ఇప్పుడు నా తప్పు తీసి చచ్చిపోయిన అమ్మ నెత్తిన పెట్టినవు, నన్ను ఇడిపించినవు. పుట్టినప్పటి సంది నువ్వు నాకు గింత పొడుగు ఉత్తరం రాయలే. గదే నా అనుమానం. నిజమైతె రెండు ముక్కల్ల రాసేదానివి.

పోనీ, నిజమే అనుకుంటా. నా వల్ల రాలే. నీకు భయం లేదు. కలిసి తింటె అంటుకోదని తెలుసు. గట్లయితె పెరట్ల ఎందుకు తిన్నవు? నా ముంగట ఎందుకు తినలే? ఒక్క పూటనా, రెండు పూటలా? "కారణం వేరు, చెప్పేది కాదు." నీకు నాకు నడుమ చెప్పరానిది ఏముంటది? లోకంల నాకున్నది నువ్వొక్కదానివి. నువ్వు చెప్పకపోతె నేనేమనుకోవాలె?

గా ఒక్కటి చెప్పు. చెప్తె వస్త. ఏ దవాఖానకంటె గా దవాఖానకు వస్త, ఉన్న రక్తమంత తీసుకోమను. చెప్పకపోతె రాను. ఇగ ఉత్తరం గూడ రాయ.

మొన్న మగ్గం కాడ కండ్లు తిరిగినయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నయి. ఇక్కడ ఒకాయన పసరు పోస్తుండు, తాగుతున్న. నీకు చెప్పొద్దనుకున్న.

ఓదెలు


కొండాపూర్,
4 సెప్టెంబరు 2001

తమ్ముడు ఓదెలుకు,

పసరు మానెయ్యి. అది లివరును ఇంకా పాడుచేస్తుందని డాక్టరుగారు అన్నారు.

నీవు అడిగింది చెప్పలేను. చెప్పకపోవడం నీ మేలుకే. నన్ను నమ్ము.

రా.

అక్క


కొండాపూర్,
7 అక్టోబరు 2001

తమ్ముడు ఓదెలుకు,

నెల దాటింది. నీ నుంచి ఉత్తరం లేదు. పోస్టుమాన్ మన వీధికి రాగానే సైకిలు దిగకుండా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయనకు నన్ను చూస్తే ఇబ్బందిగా ఉన్నట్టుంది. అందుకని ఆ వేళకు లోపల ఉంటున్నాను.

నిన్న యాదన్న వచ్చాడు. బస్సు స్టాండుకు కూడా నీవు రావడం లేదన్నాడు. మిల్లుకే వెళ్ళి చూశాడట. "మనిషి పలుచబడ్డడు అక్కా. నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. నువ్వు వానికి ఏం చెప్పకుండ దాస్తున్నవో గని, గది వాణ్ణి రోగం కంటె ముందు తింటది" అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. నిన్న ఆడలేదు.

సాయంత్రం గుడికి వెళ్ళాను. పోచమ్మకు దీపం పెట్టే బాలప్ప ఉన్నాడు. ముసలివాడయ్యాడు, చూపు తగ్గింది, నా నడకను బట్టే గుర్తుపట్టాడు.

"బాలప్పా, మొక్కు చెప్తే ఏమైతది?" అని అడిగాను.

"చెప్తే గది మొక్కెట్లయితది? ముచ్చట అయితది" అన్నాడు.

"చెప్పకపోతే వాడు రాడు."

వత్తి సవరించాడు. "అమ్మ ఏమంటదో నాకేం ఎర్క బిడ్డా. నేను దీపం ముట్టించేటోణ్ణి" అన్నాడు.

ఓదెలూ, విను.

నీ కాగితం వచ్చిన రోజు నేను మొక్కుకున్నాను. కాగితంలో ఏముందో కంపెనీ డాక్టరు చెబుతుంటే, అమ్మ పొట్ట నా కండ్ల ముందుకు వచ్చింది. అమ్మకు మంచినీళ్ళు కూడా లోపలికి పోని రోజులు నేను చూశాను. నీకు అలా కాకూడదని ఏడుపాయల దుర్గమ్మకు మొక్కాను. ఒక ఏడాది. రోజుకు ఒక్క పూట, విస్తరిలో, ఒక్కదాన్నే, ఎవరి కంటా పడకుండా, నోరు మెదపకుండా తినాలి. మన అమ్మ, అమ్మమ్మ ఇలాగే మొక్కేవాళ్ళు. ఎవరి కోసం మొక్కామో వాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే చెల్లదు. అందుకే పెరట్లో తిన్నాను. అందుకే తలుపు వేసుకున్నాను. నీవు "ఏందక్కా" అని అడిగినప్పుడు నోటి దాకా వచ్చింది. మింగాను.

నీవు వెళ్ళిపోయిన తర్వాత కూడా అక్కడే తిన్నాను. ఇల్లంతా ఖాళీ, ఎవరి కంటా పడేది లేదు. అయినా పెరట్లోకే వెళ్ళాను. నీవు ఇంట్లో ఉన్నప్పుడు ఎలా మొక్కానో అలాగే చెయ్యాలనిపించింది.

నేను తలుపు వేసుకున్నది నిన్ను దూరం పెట్టడానికి అని నీకు అనిపిస్తుందని నాకు తోచలేదు. నాకు తోచకపోవడమే విచిత్రం. నిన్ను పెంచింది నేను.

ఇది రాయడానికి ముందు స్నానం చేసి దీపం పెట్టాను. అమ్మవారికి చెప్పాను. అనుమతి అడగలేదు, చెప్పాను. "ఇన్నాళ్ళు నిన్ను అడిగిన. ఇగ వాణ్ణి అడుగుత" అన్నాను. ఏడాది నిండడానికి ఇంకొంత కాలం ఉంది. ఇక నిండదు.

నేను మొక్కు నమ్ముతాను. నీకు తెలుసు. నీ ప్రాణానికి అడ్డం పెట్టిన దాన్ని నా చేతితో తీసేస్తున్నాను అని తెలిసే తీశాను. మందు మీద నాకు ఇంకా అంత నమ్మకం రాలేదు. డాక్టరుగారి మీద వచ్చింది. నీ మీద ఉంది.

దసరా లోపల రా. నీవు అడిగింది చెప్పాను.

అక్క


భివండి,
14 అక్టోబరు 2001

అక్కా,

ఎందుకు చెప్పినవు?

నేనే అడిగిన, నేనే బెదిరించిన, ఇప్పుడు నేనే అంటున్న, ఎందుకు చెప్పినవు అని. నాకు మొక్కుల మీద నమ్మకం లేదని నీకెర్కే. కంపెనీల ఉన్నప్పుడు నిన్ను చూసి ఎన్నిసార్లు నవ్వలే? కని నీ ఉత్తరం చదివినంక, చలిల పండుకున్నోని మీది దుప్పటి గుంజినట్టయింది. గుంజుకున్నది ఎవడో కాదు, నేనే. ఇన్ని నెలల సంది నా మీద దుప్పటి ఉన్నదని నాకు ఎర్కే లేదు.

ఒక్క పూట తిని అంగన్‌వాడీల పొద్దంత పిల్లల్ని ఎత్తుకున్నవా? గందుకే గా సూది పిల్ల నిన్ను తింటలేవా అని అడిగింది. నేను గది చదివి గూడ, పట్టించుకోలే. నా అలుక నాకు.

అమ్మ సంగతి, నీ రక్తం సంగతి, అన్నీ నమ్ముతున్న. నమ్మకుండ ఏం చేయాలె? అబద్ధమాడేది ఉంటె నువ్వు మొక్కు పోగొట్టుకోకుండ ఏదో ఒక చిన్న అబద్ధమే ఆడేదానివి.

పసరు ఇడిసిపెట్టిన. సేటును సెలవు అడిగిన. "నీ అక్క చచ్చిందా?" అన్నడు. "లేదు సేట్, బతికున్నది, అందుకే పోతున్న" అన్న. ఇచ్చిండు గని, రెండ్రోజులే.

శనివారం యాదన్న బస్సుకు వస్తున్న. ఊరికి రాను. సీదా దవాఖానకే. ఊరోళ్ళ మొకాలు చూసే ధైర్యం ఇంక రాలే. నువ్వు గేటు కాడ ఉండు. లోపల ఎటు పోవాల్నో నాకు తెలువది. ఇంత పెద్దగైన గని, నువ్వు లేకుంటె గా గేటు దాట.

నీ
ఓదెలు


కొండాపూర్,
18 నవంబరు 2001

తమ్ముడు ఓదెలుకు,

దీవెనలు. నిన్న ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఏదీ వదలడం లేదు.

నీ లివరు ఇంకా గట్టిపడలేదు. వాపు ఉంది. అమ్మ దాకా రాలేదు. ఇప్పుడే పట్టుకోవడం మంచిదైంది. నీ రక్తంలో కబురు చెప్పే కణాలు తగ్గాయి, కొట్టేవి వాటిని మించిపోయాయి. కబురు అందక అవి పని సరిగా చెయ్యడం లేదట. మందుతో క్రిమి తగ్గితే మళ్ళీ లేవవచ్చు. లేస్తాయని ఆయన ఒట్టు వెయ్యలేదు. వెయ్యనందుకే నాకు ఆయన మీద గురి. మాత్ర రోజూ వేసుకోవాలి. బాగుందని నీ అంతట నీవు మానితే జబ్బు తిరగబడుతుంది. ఇది రెండుసార్లు చెప్పమన్నారు. మాత్ర మానవద్దు. మూడు నెలలకు మళ్ళీ రక్తం ఇవ్వాలి.

నీకు చెప్పనిది ఒకటుంది. నీవు వచ్చి రక్తం ఇచ్చిన రోజు నిన్ను బస్సెక్కించిన తర్వాత నేను ఊరికి రాలేదు. మళ్ళీ ఆసుపత్రికే వెళ్ళాను. ఎందుకో నాకు తెలియదు. ఇంటికి వెళ్ళాలనిపించలేదు. నర్సింహమ్మ యంత్రం దగ్గర ఉంది. "ఏమన్న మరిచిపోయినవా అమ్మా?" అన్నది. ఏమీ లేదన్నాను. అయినా ఒక స్టూలు వేసింది. "చూస్తవా? గిప్పుడే మీయి నడుస్తున్నయి" అన్నది. తెర మీద చుక్కలు పడుతున్నాయి. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క కణమట. ఇసుక చల్లినట్టు ఒక చోట దట్టంగా, ఒక చోట పలుచగా. "ఇటుదిక్కు నీది, అటుదిక్కు తమ్మునిది" అని చూపించింది. నాకు తేడా అర్థం కాలేదు. నీది పడుతున్నంతసేపు చూశాను. తర్వాత ఆమె తెర ఆర్పి చేతులు కడుక్కుంది. చివరి బస్సుకు వచ్చాను.

ఇప్పుడు నడిమింట్లోనే తింటున్నాను, రెండు పూటలా. మొదట కొన్నాళ్ళు రెండో పూట సహించలేదు. ఎదురుగా గోడ ఉంది. పెరట్లో అయితే బర్రె ఉండేది.

నీవు ఆసుపత్రికి వచ్చిపోయిన సంగతి ఊళ్ళో తెలిసింది. అంగన్‌వాడీకి పిల్లలను పంపే ఒకరిద్దరు ఈ మధ్య పంపడం లేదు. నా చేతి గుగ్గిళ్ళు తినిపించడం వాళ్ళకు ఇష్టం లేదు. అడిగితే పిల్లవానికి జలుబు అంటారు. డాక్టరుగారిని అడిగి, కలిసి తింటే ఈ జబ్బు అంటుకోదని తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి తెచ్చాను. బడి గోడకు అంటించాను. చదివేవాళ్ళు చదువుతారు.

ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద ఇంటికి రమ్మని నేను అడగలేదు. నీవు రానని రాశావు కదా అని ఊరుకున్నాను. అది నా అలవాటు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చేసారి ఆసుపత్రి నుంచి సీదా ఇంటికి రా. ఊరు చూస్తుంది. చూడనీ. నేను బస్సు దగ్గరికి వస్తాను, ఇద్దరం నడుచుకుంటూ బజారు మధ్యలోంచే వద్దాం.

బాలప్ప నిన్న పిలిచి, కొత్తగా మళ్ళీ మొక్కుకోమన్నాడు. పాతది పోతే పోయింది, అమ్మకు లెక్కలు ఉండవు బిడ్డా అన్నాడు. నా మంచికే చెప్పాడు. వద్దన్నాను. గుడికి మాత్రం రోజూ వెళ్తున్నాను. ఏమీ అడగకుండా కాసేపు కూచుని వస్తున్నాను.

మొక్కితే నీకు చెప్పకూడదు. నీకు చెప్పకుండా ఉండడం నాకిక చేతకాదు.

అక్క